రెడ్ ఇండియన్లు, ఎస్కిమోలు, గిరిజనులు: వాళ్లు చెప్పుకునే పేరే మనమూ రాయాలా?

అనువాదాల_అరుణ
పిల్లల పత్రిక కోసం ఉత్తర అమెరికా మూలవాసుల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. మొదటి పేరా దగ్గరే ఎడిటర్ గారికీ నాకూ పేచీ వచ్చింది. తెలుగులో ఏళ్ల తరబడి నడుస్తున్న మాట "రెడ్ ఇండియన్లు". మంచు ప్రాంతం వాళ్లయితే "ఎస్కిమోలు", పక్కన ఇగ్లూ బొమ్మతో సహా. ఈ రెండూ వాడనన్నాను. "అలా అయితే ఎవరి గురించి రాశామో పిల్లలకే కాదు, వాళ్ల అమ్మానాన్నలకి కూడా తెలీదు" అని ఆయన వాదన. "స్థానిక అమెరికన్లు" అంటే అక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఎవరైనా అనిపిస్తుంది. "ఆదివాసులు" అందామంటే మన అడవులే కళ్లముందుకొస్తాయి. అసలు వాళ్లు తమ గురించి ఏమని చెప్పుకుంటారు? మీరైతే ఏం రాస్తారు?

గోదారిగట్టు
రెడ్ ఇండియన్ మాట ముందు కొట్టెయ్యండి. సగం ఒంటి రంగు చూసి పెట్టింది, మిగతా సగం ఇండియా చేరాననుకుని దారి తప్పినవాడు పెట్టింది.

పాతపుస్తకం
నేను ఒప్పుకోను. తెలుగులో ఆ మాటని ఎవరూ తిట్టుగా వాడలేదు. మా తరానికి ఆ పేరు వింటే గుర్రాలు, ఈకల కిరీటం, తెగింపు గుర్తొస్తాయి. అందులో ఉన్నది గౌరవమే. ఇంగ్లీషులో వాళ్లకున్న గొడవని తెలుగులోకి మోసుకురావడం ఎందుకు?

కీర్తన_ఎమ్మే
@పాతపుస్తకం గారూ, ఈకలు, గుర్రాలు అన్నారు కదా, ఇబ్బంది సరిగ్గా అక్కడే ఉంది. అమెరికా కేంద్ర ప్రభుత్వం గుర్తించిన తెగలే 570కి పైగా ఉన్నాయి. సాల్మన్ చేపల మీద బతికినవాళ్లు, మొక్కజొన్న పండించినవాళ్లు, మట్టి ఇటుకలతో అంతస్తుల ఇళ్లు కట్టుకున్నవాళ్లు, అందరూ అందులోనే. ఆ ఒక్క పేరు వాళ్లందరికీ ఒకే వేషం తొడిగేసింది. తిట్టు కాకపోవచ్చు, కానీ మనిషి కనపడకుండా చేస్తోంది.

అరిజోనా_ఆనంద్
నేనుండేది నవహో నేషన్‌కి దగ్గర్లో. అరిజోనా, న్యూ మెక్సికో, యూటా మూడు రాష్ట్రాల్లో పరుచుకున్న నేల వాళ్లది. నా సహోద్యోగి ఒకావిడ తనని తాను "దినే" అని చెప్పుకుంటుంది. వాళ్ల భాషలో "జనం" అని అర్థం. పరిచయం చేసుకునేటప్పుడు ముందు తల్లి వంశం, తర్వాత తండ్రి వంశం చెబుతారు. అవి చెప్పాకే పరిచయం పూర్తయినట్టు. కానీ ఆవిడ గుర్తింపు కార్డు మీద, వాళ్ల ప్రభుత్వం ముద్ర మీద ఉన్నది నవహో. అధికారిక పేరుని "దినే నేషన్"గా మార్చాలని 2017లో వాళ్ల కౌన్సిల్‌లోనే తీర్మానం పెడితే ఓడిపోయింది. అంతకుముందు తొంభైల్లో కూడా ఇలాగే జరిగింది. ఒప్పందాలు, కోర్టు కేసులు, ప్రపంచానికి తెలిసిన పేరు, అన్నీ నవహో మీదే ఉన్నాయని కొందరి వాదన.

వాళ్ల దక్షిణాన ఉన్నవాళ్లని స్పానిష్ వాళ్ల కాలం నుంచి "పాపగో" అనేవాళ్లు. వాళ్లు 1986లో ఆ పేరు వదిలేసి "తొహోనో ఓధమ్ నేషన్" అయ్యారు, అంటే ఎడారి జనం. ఒకే రాష్ట్రంలో ఉన్న రెండు జాతులు ఒకే ప్రశ్నకి రెండు జవాబులిచ్చాయి. రెండూ సరైనవే, ఎందుకంటే ఇచ్చింది వాళ్లు.

ఇంకో సంగతి. "ఇండియన్" మాటని పెద్దవాళ్లు చాలామంది మామూలుగా వాడతారు. 1995లో అక్కడి ప్రభుత్వ సర్వేలో ఏ పేరు ఇష్టమని అడిగితే సగం మంది దాకా "అమెరికన్ ఇండియన్" అన్నారు, "నేటివ్ అమెరికన్" అన్నవాళ్లు 37 శాతం. 1968లో మొదలైన ఉద్యమం పేరు అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్. వాషింగ్టన్‌లో 2004లో తెరిచిన మ్యూజియం పేరులోనూ అమెరికన్ ఇండియన్ అనే ఉంది. అరుణ గారూ, నా సలహా: ఏ జాతి గురించి చెబుతుంటే ఆ జాతి పేరే రాయండి. అందరినీ కలిపి చెప్పాల్సిన చోట మాత్రమే పెద్ద పేరు వాడండి.

పాతపుస్తకం
అంటే వాళ్లే ఇండియన్ అనుకుంటున్నారుగా! మరి నేను రాస్తే తప్పేంటి?

కీర్తన_ఎమ్మే
వాళ్లు ఇండియన్ అంటున్నారు, రెడ్ ఇండియన్ అనడం లేదు. పైగా ఇంట్లోవాళ్లు పిలుచుకునే పేరు వీధిలోవాళ్లు వాడితే ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు. "రెడ్‌స్కిన్స్" అని రంగు పేరు మీద నడిచిన వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు దశాబ్దాల అభ్యంతరాల తర్వాత 2020లో ఆ పేరు వదిలేసింది. కెనడాలో ఎడ్మంటన్ జట్టు అదే ఏడాది "ఎస్కిమోస్" తీసేసింది.

ఉత్తరదిక్కు
ఎస్కిమో దగ్గరికి వచ్చారు కాబట్టి నేను చెబుతా, కెనడాలో ఉంటాను. ఇక్కడ ఆ మాట దాదాపు వినపడదు, ఎవరైనా అంటే మొహాలు మారతాయి. 1977లో అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్ నుంచి వచ్చిన ప్రతినిధులు అలాస్కాలోని బారో ఊళ్లో కూడి, తమ అందరికీ "ఇన్యూట్" అనే పేరు పెట్టుకున్నారు. ఒక్క మనిషి అయితే ఇనుక్. అయితే అలాస్కాలో యూపిక్ జనం ఉన్నారు. వాళ్లు ఇన్యూట్ కాదు, వాళ్ల భాష వేరు. ఎస్కిమో తీసేసి అందరికీ ఇన్యూట్ అని అంటించేస్తే వాళ్లు నొచ్చుకుంటారు. అలాస్కా గురించి రాస్తే ఇన్యూపియాక్, యూపిక్ అని విడివిడిగా రాయాలి.

కెనడా రాజ్యాంగంలో 1982లో మూడు పేర్లు పెట్టారు: ఇండియన్, ఇన్యూట్, మేటీ (మూలవాసులూ యూరోపియన్లూ కలిసిన సంతతి). అందులో మొదటి మాట బదులు జనం వాడేది "ఫస్ట్ నేషన్స్". కానీ 1876 నాటి ఇండియన్ యాక్ట్ ఇప్పటికీ అదే పేరుతో అమల్లో ఉంది. అందుకే చట్టం గురించి మాట్లాడేటప్పుడు ఆ మాట రాక తప్పదు. ఊళ్ల పేర్లూ మారుతున్నాయి. ఫ్రోబిషర్ బే 1987లో ఇకాలూయిట్ అయింది, ఇప్పుడది నునావుట్ రాజధాని. ఆ బారో ఊరే 2016లో ఓటింగ్ పెట్టుకుని ఉత్కియాగ్విక్ అయింది.

గోదారిగట్టు
ఉత్కియాగ్విక్ పలకడానికి మా ఇంట్లో పోటీ పెట్టాం. ఏడేళ్ల మా అమ్మాయి గెలిచింది. పిల్లలకి కష్టమని ఎడిటర్ గారు దిగులు పడక్కర్లేదు.

ఇగ్లూ_వద్దు
ఇగ్లూ బొమ్మ కూడా తీసేయండి అరుణ గారూ. వేటకి వెళ్లినప్పుడు మంచు ఇల్లు కట్టుకోవడం ఉండేది, అదీ కొన్ని ప్రాంతాల్లోనే. ఇప్పుడు వాళ్లు ఉండేది మామూలు ఇళ్లలో. పేరు మార్చి బొమ్మ అదే ఉంచితే ఏం లాభం?

ఉట్నూరు_తమ్ముడు
ఎస్కిమో అనొద్దు, ఇన్యూట్ అనాలి, మంచిదే. నేను గోండు కుటుంబంలో పుట్టినవాడిని. గోండు అన్నది బయటివాళ్లు మాకు పెట్టిన పేరు. ఇంట్లో, మా భాషలో మేము కోయితూర్. ఈ వేదికలో ఆ మాట ఇదివరకు ఎవరైనా రాశారేమోనని వెతికాను, ఒక్కటి కూడా కనపడలేదు. ఉత్కియాగ్విక్ పలకడం నేర్చుకున్నవాళ్లకి కోయితూర్ కష్టమా?

మా పక్క గూడేల్లో ఉండే కోలాం వాళ్లు తమని కోలవర్ అంటారు. వాళ్ల కోలామీ భాష వేరు, మా గోండీ వేరు. బయటి నుంచి వచ్చిన ఆఫీసర్లకి అందరం "ఏజెన్సీ వాళ్లు". ఆనంద్ గారు చెప్పిన దినే పరిచయం చదివి సంతోషమేసింది. మా దగ్గర కూడా ఇద్దరు కలిస్తే ముందు ఏ సగ (వంశాల గుంపు) అని అడుగుతారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల సగలు ఉంటాయి. దాన్ని బట్టి వియ్యం అందుకోవచ్చో లేదో తెలుస్తుంది. కెస్లాపూర్ నాగోబా జాతర చేసే మెస్రం వాళ్లు ఏడు వేల్పుల సగ. మా పేరు, మా లెక్క, అన్నీ మాకున్నాయి. అడిగినవాళ్లు తక్కువ.

పాతపుస్తకం
తమ్ముడూ, ఇది నాకు కొత్త సంగతి. ఒకటి అడుగుతాను, ఏమనుకోవద్దు. రాంజీ గోండు, గోండ్వానా, గోండు రాజులు అని గర్వంగా చెప్పుకుంటారు కదా. మరి గోండు మాటతో ఇబ్బంది ఏంటి?

ఉట్నూరు_తమ్ముడు
ఇబ్బంది ఉందని నేను అనలేదన్నా. మా నాన్న సభల్లో "గోండు బిడ్డలం" అనే అంటాడు. నిర్మల్‌లో 1860లో ఉరితీసింది రాంజీ గోండునే, ఆ పేరు నుంచి గోండు తీసేయమని ఎవరంటారు? భూగోళ శాస్త్రంలో పాత మహాఖండానికి గోండ్వానా అన్న పేరు కూడా మా నేల నుంచే వెళ్లింది. మా చిన్నాన్న మాత్రం బయట కూడా కోయితూర్ అనే చెబుతాడు. ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు. నేను కోరేది ఒక్కటే, రెండు పేర్లూ ఉన్నాయని రాసేవాళ్లకి తెలియాలి.

భద్రాద్రి_లక్ష్మి
మేము కోయ. గోదావరి ఇవతల మా పెద్దవాళ్లు కూడా కోయితూర్ అనే అంటారు, పలకడంలో కొంచెం తేడా. పేరు ఒకటే అని విన్నప్పుడల్లా ఉట్నూరు వాళ్లు మాకు చుట్టాలే అనిపిస్తుంది.

కానీ నన్ను బాధపెట్టేది వేరే. కోయ అన్న పేరు మాది, మాకు నచ్చిన పేరు. దాన్ని తెలుగువాళ్లు వాడే తీరు చూడండి. అర్థం కాకుండా మాట్లాడితే "ఏంటా కోయభాష" అంటారు. మా అబ్బాయి చదివే హాస్టల్లో ఒక టీచర్ క్లాసులో అదే మాట అంటే వాడు ఆ రోజు నుంచి స్నేహితుల ముందు నాతో ఫోన్లో కోయలో మాట్లాడటం మానేశాడు. కోయదొర అంటే సినిమాల్లో ఈకలు పెట్టుకుని మందులమ్మే వేషం. మేడారం జాతరకి లక్షల మంది వచ్చి మొక్కుతారు. అక్కడ సమ్మక్కని గద్దె మీదికి తెచ్చే వడ్డెలు, అంటే పూజారులు, కోయవాళ్లే. అక్కడ దండం, ఇక్కడ ఎగతాళి. కాబట్టి నాకు కావాల్సింది కొత్త పేరు కాదు. ఉన్న పేరుని వెక్కిరింతకి వాడటం ఆపాలి.

కీర్తన_ఎమ్మే
లక్ష్మి గారూ, మీరు చెప్పింది చదివి కాసేపు ఆగాల్సొచ్చింది. ఎరుకలసాని సోది, లంబాడీ గోల, ఆటవిక న్యాయం, ఇలా ఎన్ని మాటలు తెలుగులో జాతుల పేర్ల మీద నడుస్తున్నాయో.

నిజం_నిష్ఠూరం
అందరూ పేర్ల దగ్గర ఆగిపోయారు. పోడు భూములకి పట్టా కావాలి, ఆస్పత్రికి దారి కావాలి. కోయితూర్ అని రాస్తే గర్భిణిని డోలీ మీద మోసే బాధ తప్పుతుందా? ఏజెన్సీ భూములు గిరిజనేతరులకి పోకూడదన్న 1/70 చట్టం ఉండగానే భూములు చేతులు మారాయి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పట్టాల కోసం తిరుగుతూనే ఉన్నారు. ముందు అది మాట్లాడండి, పేర్లు తర్వాత చూసుకోవచ్చు.

భద్రాద్రి_లక్ష్మి
డోలీ గురించి మాకు మీరు చెప్పక్కర్లేదు అన్నా, మోసింది మేమే. రెండూ అడుగుతాం. ఒకటి అడిగితే ఇంకోటి అడగకూడదని ఎవరు పెట్టారు రూలు?

మన్యం_మాస్టారు
@నిజం_నిష్ఠూరం బాబూ, భూమికీ పేరుకీ సంబంధం లేదనుకుంటున్నావు. పార్వతీపురం, సీతంపేట వైపు బళ్లలో పాఠాలు చెప్పినవాడిగా ఒక మాట చెబుతాను. పట్టాకి అర్జీ పెట్టాలంటే ఎస్టీ సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ రావాలంటే నీ తెగ పేరు జాబితాలో ఉన్న అక్షరాలతో కలవాలి. బడిలో చేర్పించేటప్పుడు తండ్రి చెప్పిన పేరు ఒకటి, రిజిస్టర్లో రాసింది ఇంకోటి, తాత భూమి కాగితంలో మూడోది. ఆ మూడూ ఒకటేనని నిరూపించలేక చదువు ఆపేసిన పిల్లలున్నారు. పేరు తప్పు రాసిన గుమాస్తాకి అది అక్షర దోషం. ఆ పిల్లకి కాలేజీ సీటు.

జాబితాలో సొంత పేర్లు చేరడం కూడా జరిగింది. గోండు దగ్గర కోయితూర్, కోలాం దగ్గర కోలవర్, కొండదొర దగ్గర కూబి, కోదుల దగ్గర కువింగ అని ఇప్పుడు పక్కన కనపడతాయి. అంటే ప్రభుత్వం ఒప్పుకున్న పేర్లే అవి. వాటిని పత్రికలు ఎందుకు వాడవో నాకు తెలీదు.

మా వైపు సవరలు తమని సొర అంటారు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ భాష నేర్చుకుని రాసిన వ్యాకరణం 1931లో వచ్చింది. పుస్తకం పేరులోనే ముందు "సొర" అని పెట్టి, "లేదా సవర" అని తర్వాత పెట్టారు. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు ఉపన్యాసాల్లో ఈ ముక్క ఒక్కసారి కూడా నేను వినలేదు. సరిహద్దు దాటి ఒడిశాలోకి వెళ్తే మనం బోండా అనేవాళ్లు తమని రెమో అంటారు, మనిషి అని అర్థం.

ఉట్నూరు_తమ్ముడు
మాస్టారూ, గిడుగు గారి సంగతి నాకు తెలీదు. మా గ్రూపులో పెడుతున్నా.

పాసీఘాట్_జ్ఞాపకం
పేర్లు మార్చడం వట్టి మాటలు కాదు, పార్లమెంటు దాకా వెళ్లిన పని. నేను అరుణాచల్‌లో ఉద్యోగం చేశాను. అక్కడి ఆదీ జనాన్ని బ్రిటిష్ వాళ్లు "అబోర్" అనేవాళ్లు. మైదానం వాళ్ల నుంచి వచ్చిన మాట అది, లొంగనివాడు అని అర్థం. ఆదీ పేరు జాబితాలో చేరాక కూడా అబోర్ అలాగే ఉండిపోయింది. 2021లో చట్టం చేసి తీసేశారు. డఫ్లా అన్నవాళ్లు నిషీ అయ్యారు. అస్సాంలో మికిర్ హిల్స్ జిల్లా 1976లో కార్బీ ఆంగ్లాంగ్ అయింది. లుషాయ్ హిల్స్ 1954లోనే మిజో జిల్లా అయింది. ఇప్పుడు మిజోరాం అనే మాట మనకి ఎంత సహజంగా వస్తుందో చూడండి. అలవాటు పడటానికి ఒక తరం చాలు.

నిజం_నిష్ఠూరం
సర్టిఫికెట్ మాట దగ్గర మాస్టారితో ఏకీభవిస్తాను. గుత్తికోయల సంగతే తీసుకోండి. ఛత్తీస్‌గఢ్ నుంచి హింసకి భయపడి వచ్చినవాళ్లు. వాళ్లలో చాలామంది మురియాలు, అక్కడ ఎస్టీ. ఇక్కడ "గుత్తికోయ" అన్నది చుట్టుపక్కల వాళ్లు అలవాటు చేసిన పేరు. ఆ పేరుతో కాగితం దొరకదు, సొంత పేరు ఇక్కడి జాబితాలో లేదు. పట్టాలు ముందు అన్న నా మాట మీద మాత్రం అలాగే ఉన్నాను.

తండా_దీపక్
మా మాట కూడా వినండి. లంబాడీ, సుగాలీ, బంజారా, ఇన్ని పేర్లతో పిలుస్తారు. మేము గోర్. మా భాష గోర్ బోలి, మా వాళ్లు కానివాళ్లని కోర్ అంటాం. బంజారా అంటే మాకు అభ్యంతరం లేదు, దేశమంతా ఆ పేరుతో సంఘాలున్నాయి. "లంబాడీ" మాత్రం పలికే గొంతుని బట్టి ఉంటుంది. తండా బయట పెరిగిన మా పిల్లలు ఇంట్లో కూడా గోర్ అనడం లేదు, అది నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతోంది.

ఖానాపూర్_కుర్రోడు
అదంతా సరే, ఎస్టీ జాబితాలో ఎవరుండాలి అనేది...

వేదిక_నిర్వాహకులు
జాబితాలో ఎవరుండాలి అన్న తగాదాకి ఇది చోటు కాదు. 1976 నుంచీ నడుస్తున్న గొడవ అది, వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ పేర్ల గురించి మాత్రమే. దీని కింద వచ్చిన కొన్ని పోస్టులు తీసేశాం.

అనువాదాల_అరుణ
నేను అడిగిన దానికంటే చాలా ఎక్కువ దొరికింది. ఇంకో ప్రశ్న. అందరినీ కలిపి చెప్పాల్సినప్పుడు మన దగ్గర గిరిజనులు అనాలా, ఆదివాసులు అనాలా? వనవాసి అని కూడా చూస్తున్నాను.

ఉట్నూరు_తమ్ముడు
ఆదివాసీ. రెండో మాట లేదు.

మన్యం_మాస్టారు
ఆఫీసు కాగితాల్లో గిరిజన ఉంటుంది. గిరిజన సంక్షేమ శాఖ, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, ఇవన్నీ పాత పేర్లు. కానీ గిరి అంటే కొండ కదా. నెల్లూరు తీరంలో చేపలు పట్టే యానాదులకి ఏ కొండ ఉంది?

కీర్తన_ఎమ్మే
1938లో ఛోటా నాగపూర్‌లో పెట్టిన సంఘం పేరే ఆదివాసీ మహాసభ. దానికి నాయకత్వం వహించిన జైపాల్ సింగ్ ముండా రాజ్యాంగ సభలో కూడా ఆదివాసీ అనే మాట కోసమే గట్టిగా నిలబడ్డారు. చివరికి చట్టంలోకి వచ్చింది షెడ్యూల్డ్ తెగలు. వనవాసి అన్న పేరుని చాలా ఆదివాసీ సంఘాలు వద్దంటాయి. అడవిలో ఉంటారు అన్న ఒక్క సంగతే అది చెబుతుంది, ఈ నేలకి మేము మొదటివాళ్లం అన్న మాట అందులో ఉండదు. అడవి నుంచి వెళ్లగొడితే ఆ పేరు కూడా పోతుంది.

పాతపుస్తకం
మొదటివాళ్లు అన్న మాట మీదే కదా మన ప్రభుత్వానికి పేచీ. దేశంలో అందరం మూలవాసులమే అంటుంది.

కీర్తన_ఎమ్మే
అవును. 2007లో ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటనకి ఇండియా అనుకూలంగా ఓటేసింది. ఆ ప్రకటన 13వ అధికరణంలో తమ జనానికి, ఊళ్లకి, మనుషులకి తమ పేర్లు తామే పెట్టుకుని నిలుపుకునే హక్కు ఉందని రాసి ఉంది. ఓటేశాక, మా దేశంలో అందరూ మూలవాసులే అన్న వైఖరి కొనసాగించింది. అయినా ఆగస్టు 9న మన ఐటీడీఏలే (ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థలు) ఆదివాసీ దినోత్సవం చేస్తాయి.

తండా_దీపక్
నాకు గిరిజన కూడా ఇబ్బంది లేదు. మా తాత "గిరిజన హాస్టల్లో చదివా" అని గర్వంగా చెప్పేవాడు. ఒక మాట వెనక ఉన్న జీవితం కూడా చూడాలి.

ఒసాకా_వాసి
ఈ చర్చలో జపాన్ సంగతి కూడా ఉండాలి. హొక్కైడోలో ఐనూ జనం ఉన్నారు. ఐనూ అంటే వాళ్ల భాషలో మనిషి. వాళ్ల సంఘమే 1961లో తన పేరులోంచి ఐనూ తీసేసి "ఉతారి" అని పెట్టుకుంది, మనవాళ్లు అని అర్థం. కారణం, ఐనూ అన్న మాటని జపనీయులు అంతగా తిట్టుగా మార్చేశారు. వాళ్లని మూలవాసులుగా గుర్తించాలని 2008లో పార్లమెంటు తీర్మానం చేసింది. ఆ తర్వాతి ఏడాది సంఘం మళ్లీ ఐనూ పేరు పెట్టుకుంది. లక్ష్మి గారు చెప్పిన "కోయభాష" బాధ చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది. తప్పు పేరులో లేదు. ఆ పేరుని పాడు చేసినవాళ్లు మానుకున్నాక, వాళ్లు తమ పేరు తాము తీసుకున్నారు.

భద్రాద్రి_లక్ష్మి
ఈ పోస్టు మా అబ్బాయికి చదివి వినిపించాను. మనిషి అనే పేరు మీద నవ్వడం ఏంటమ్మా అన్నాడు.

అనువాదాల_అరుణ
వ్యాసంలో మొదటి పేరా ఇలా మార్చాను, చూడండి:

"కొలంబస్ రాకముందే ఉత్తర అమెరికాలో వందల జాతుల వాళ్లు నివసించేవాళ్లు. ఒక్కొక్కరికీ ఒక్కో భాష, ఒక్కో పేరు. నైరుతి ఎడారుల్లో దినే, తొహోనో ఓధమ్. పెద్ద మైదానాల్లో లకోటా. ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున ఇన్యూట్, యూపిక్. పాత తెలుగు పుస్తకాల్లో వీళ్లని రెడ్ ఇండియన్లు, ఎస్కిమోలు అని రాశారు. ఇప్పుడు ఆ పేర్లు వాడటం లేదు."

పాత పేరు ఒక్కచోట ఉంచాను, ఎవరి గురించో తెలియాలన్న ఎడిటర్ గారి మాటలో న్యాయముంది కాబట్టి.

అరిజోనా_ఆనంద్
బాగుంది. "నివసించేవాళ్లు" బదులు "నివసిస్తున్నారు" అనండి. దినే జనం ఇప్పటికీ అక్కడే ఉన్నారు, నవహో నేషన్‌కి తన ప్రభుత్వం, తన పోలీసులు, తన కోర్టులు ఉన్నాయి. పిల్లలు అంతరించిపోయారనుకుంటారు.

పాతపుస్తకం
దినే పక్కన నవహో అని కూడా పెట్టండి. మ్యాపులో వెతికే పిల్లలకి దొరకాలి. సియూ అనే పేరు కూడా అంతే. లకోటా వాళ్లకి అది పొరుగువాళ్ల నుంచి ఫ్రెంచి వాళ్ల ద్వారా వచ్చిన పేరని చదివాను. వాళ్లలో స్టాండింగ్ రాక్ అనే తెగ అధికారిక పేరులో ఇప్పటికీ సియూ ఉంది.

అనువాదాల_అరుణ
రెండూ మార్చాను. పిల్లలకి చివర్లో ఒక పెట్టె పెడదామని ఎడిటర్ గారే అన్నారు: "మన దగ్గర ఎవరు తమని ఏమని పిలుచుకుంటారు?" కోయితూర్, కోలవర్, సొర, కూబి, గోర్. చెంచులు ఏమంటారో ఎవరైనా చెబుతారా?

నల్లమల_నీడ
మేము చెంచులమే. మాకు వేరే పేరు లేదు, ఇదే మా పేరు. "ఆదిమ తెగ" అని మాత్రం రాయకండి. ఢిల్లీ కాగితాల్లో 2006లోనే ఆదిమ అన్న మాట తీసేసి ప్రత్యేకించి దుర్బల స్థితిలో ఉన్న సమూహాలు అన్న అర్థం వచ్చేలా మార్చారు. తెలుగు పేపర్లు ఇంకా ఆదిమ తెగ అనే వేస్తున్నాయి.

అనువాదాల_అరుణ
రాసుకున్నాను. థాంక్స్.

ఉట్నూరు_తమ్ముడు
పెట్టె వచ్చాక ఫొటో పెట్టండి అక్కా. నాదొక సందేహం ఉంది, మాస్టారిని అడగాలి. జనగణనలో మాతృభాష అడుగుతారు కదా. 2011లో గోండీ అని రాసినవాళ్లు దేశం మొత్తం మీద దాదాపు 30 లక్షలు. కోయ విడిగా లెక్కించారు, 4 లక్షల దాకా. మనం కోయితూర్ భాష అని చెబితే మూడో లెక్క పుడుతుందా?

భద్రాద్రి_లక్ష్మి
మేము కోయ అనే రాయిస్తాం. గోండీలో కలపొద్దు. మీ మాట మాకు సగమే అర్థమవుతుంది.

ఉట్నూరు_తమ్ముడు
కలిపితే లెక్క పెద్దదవుతుంది కదా అక్కా. సంతాలీ, బోడో భాషలు 2003లో రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌లోకి వెళ్లాయి. గోండీ ఇంకా బయటే ఉంది, మనకంటే తక్కువ మంది మాట్లాడే భాషలు లోపల ఉన్నాయి.

భద్రాద్రి_లక్ష్మి
లెక్క కోసం మా పేరు వదులుకోమంటావా తమ్ముడూ? పొద్దున్నించీ ఇక్కడ అందరూ చెబుతున్నది ఏంటి మరి?

మన్యం_మాస్టారు
ఇద్దరూ ఆగండి. జనగణనలో ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్‌గా పని చేశాను కాబట్టి చెబుతున్నా. మీరు చెప్పిన పేరే రాయాలి, అది వాళ్ల విధి. ఏ పేరుని ఏ భాష కింద కలపాలో తర్వాత పైన తేలుస్తారు. కాబట్టి మీ ఊళ్లో అందరూ ఒకే పేరు చెప్పండి. ఒకే గూడెంలో పది ఇళ్లు గోండీ, పది ఇళ్లు కోయితూర్, పది ఇళ్లు తెలుగు అని చెబితే ఎవరికీ ఉపయోగం లేదు. అన్నిటికంటే ముఖ్యం, వచ్చినతను అడక్కుండానే "తెలుగు" అని రాసేసుకుంటుంటే ఊరుకోకండి. పెన్నుతో రాసిందైనా ఫోన్లో నొక్కిందైనా, చూపించమని అడగండి.

ఉట్నూరు_తమ్ముడు
ఇది మా గ్రామసభలో పెట్టిస్తా. లక్ష్మక్కా, మీ వైపు కూడా పెట్టించండి, మీరు కోయ అనే రాయించండి.

భద్రాద్రి_లక్ష్మి
సరే. మా సర్పంచ్‌తో మాట్లాడతా.